మన పార్కుల్లో పూల కాలం: మీరు అడిగారు, మాస్టారు చెప్పారు

పోయిన సంచికలో "మీ ఊరి పార్కులో ఇప్పుడు ఏం పూసిందో చూసి రాయండి, డౌట్లుంటే అడగండి" అని చివర్లో ఒక్క ముక్క వేశాం అంతే, శ్రీకాకుళం నుంచీ విజయనగరం నుంచీ కార్డులు, వాట్సాప్ మెసేజ్‌లు, చెట్ల ఫొటోలు తెగ వచ్చాయి. ఇంతమంది పొద్దున్నే లేచి చెట్లకేసి చూస్తున్నారని తెలిసి చాలా ఆనందం వేసింది. అన్నీ వేసే చోటు లేదు కాబట్టి ఎక్కువమంది అడిగినవి తీసుకున్నాను.

మాస్టారూ, నమస్తే. మా పెద్దమ్మాయి అమెరికాలో వర్జీనియాలో ఉంటాది. ఏటా మార్చి నెలాఖరు వచ్చేసరికి వాషింగ్టన్‌లో నీళ్ల చుట్టూ పూసిన పింకు పూలు వీడియో కాల్ చేసి మరీ చూపిస్తాది. "మన సిక్కోల్లో ఇలాటివి ఏటున్నాయమ్మా" అంటాది. నిజంగా ఏమీ లేవా? ఆన్‌లైన్‌లో చెర్రీ మొక్క అని అమ్ముతున్నారు, తెప్పించి పార్కులో వేయిస్తే పూస్తాదా?
– ఓ గృహిణి, శాంతినగర్ కాలనీ, శ్రీకాకుళం

ముందు ఆ చెట్ల సంగతి చెప్తానమ్మా, వినదగ్గ కథ అది. మీ అమ్మాయి చూపించే చోటుని టైడల్ బేసిన్ అంటారు. అక్కడ చెట్లు అమెరికావి కావు, జపాన్ నుంచి వచ్చినవి. 1910లో టోక్యో నగరం మొదటిసారి 2,000 మొక్కలు పంపిస్తే, వాటికి పురుగు పట్టింది తెగులుంది అని అక్కడివాళ్లు మొత్తం కాల్చేశారు. కానుకగా ఇచ్చినవి కాల్చేస్తే ఎవరికైనా మనసు కష్టమేస్తుంది కదా, టోక్యో మేయర్ యుకియో ఒజాకి మాత్రం ఆ మాట మనసులో పెట్టుకోకుండా మళ్లీ 1912లో 3,020 మొక్కలు పంపించారు, ఆ ఏడాది మార్చి 27న అమెరికా అధ్యక్షుడి భార్య హెలెన్ టాఫ్ట్, జపాన్ రాయబారి భార్య కలిసి మొదటి రెండు మొక్కలు నాటారు. వందేళ్లు దాటిపోయింది, ఇప్పటికీ జనం తండోపతండాలుగా వెళ్లి చూస్తున్నారు. మీ అమ్మాయికి ఈ కథ చెప్పండి, ఈసారి వెళ్లినప్పుడు ఇంకో కంటితో చూస్తుంది.

ఇక మన దగ్గర పూస్తుందా అంటే, పూయదమ్మా. చెర్రీ మొగ్గ చలికాలం అంతా నిద్రలో ఉంటుంది, ఆ నిద్ర తీరాలంటే గడ్డకట్టే చలికి కాస్త పైన, అంటే 7 డిగ్రీల లోపు చలి కొన్ని వందల గంటలు తగలాలి. మన నాగావళి గట్టున సంక్రాంతి రాత్రి ఎంత చలేసినా ఆ దరిదాపులకి రాదు. మొక్క మహా అయితే బతుకుతుందేమోగానీ పువ్వు మాత్రం చూడలేరు, డబ్బులు దండగ. మనూళ్లల్లో పిల్లలు చిన్న ఎర్ర పళ్లు కోసుకు తినే "చెర్రీ చెట్టు" ఉందే, అది వేరే జాతి, దీనికీ దానికీ చుట్టరికం లేదు.

మనకి ఏమీ లేవన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. అక్కడ ఆ పువ్వు నిలిచేది వారం, మహా అయితే పది రోజులు, మధ్యలో గట్టి వాన పడిందా అదీ లేదు. మనకో? జనవరిలో మామిడి, జీడిమామిడి పూతతో మొదలుపెట్టి బూరుగ, మోదుగ, వేప, కానుగ, రేల, తురాయి, జూన్లో వానలు పడేదాకా ఒకటి అయ్యేసరికి ఇంకోటి అందుకుంటూనే ఉంటుంది. ఆకు రాలిపోయి కొమ్మ నిండా పింకు పూలే కావాలంటే ఫిబ్రవరి, మార్చిలో గ్లైరిసీడియా చూడండి, పచ్చిరొట్ట కోసం రైతులు గట్ల మీద, కంచెల వెంట వేసే చెట్టే, ఊరు దాటితే రోడ్డు పక్కన ఉంటుంది, ఎవరూ కన్నెత్తి చూడరు పాపం. తబేబుయా అనేది కూడా అప్పుడే పూస్తుంది, బెంగళూరు ఫొటోల్లో చూసేది అదే, ఈమధ్య మన వైపు నర్సరీల్లోనూ దొరుకుతోంది. ఇవి రెండూ కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. అచ్చంగా మనదే కావాలంటే ఏప్రిల్ ఆఖర్లో రేల చెట్టు కిందకి వెళ్లి నిలబడి మీ అమ్మాయికి మీరు వీడియో కాల్ చెయ్యండి. పెళ్లి పందిరికి కట్టిన బంతిపూల తోరణాల్లా పసుపు గుత్తులు కిందకి వేలాడుతుంటే ఆ పిల్ల టికెట్ బుక్ చేసుకోకపోతే చూడండి.

మా కాలేజీ దగ్గర పార్కులో వరసగా అశోక చెట్లున్నాయి సార్, పొడుగ్గా స్తంభాల్లా ఉంటాయి. అశోక పూలు ఎర్రగా ఉంటాయని సంస్కృతం మేడమ్ చెప్పారు. మూడేళ్లనుంచి చూస్తన్నా ఒక్క పువ్వు కనిపించలేదు. ఎరువు తక్కువయ్యిందా?
– డిగ్రీ విద్యార్థి, బాబామెట్ట, విజయనగరం

ఎరువు కాదు బాబూ, చెట్టే వేరు. మీరు చూస్తున్నది నరమామిడి, అందరూ అశోక అనేస్తారు, నర్సరీ వాళ్లు కూడా అలాగే అమ్ముతారు. అది కూడా పూస్తుంది, మార్చిలో దగ్గరికెళ్లి ఆకుల మొదట్లోకి చూడండి, లేత ఆకుపచ్చ రంగులో సన్నటి ఆరు రేకులు, అంచులు కాస్త మెలి తిరిగి నక్షత్రంలా ఉంటాయి. ఆకు రంగులో కలిసిపోవడం వల్ల మూడేళ్లు కాదు ముప్పై ఏళ్లు దాని కింద నడిచినా కనబడకుండా పోవచ్చు.

మేడమ్ గారు చెప్పింది సీతాశోకం. పొట్టిగా గుబురుగా ఉంటుంది, పువ్వు కొమ్మకే అంటుకుని గుత్తిగా వస్తుంది, విచ్చినప్పుడు నారింజపసుపు, రెండు మూడు రోజులకి ఎరుపెక్కుతుంది, అందుకే ఒకే గుత్తిలో రెండు రంగులూ కనిపిస్తాయి. కొత్త చిగురు రాగి రంగులో వాలిపోయి వేలాడుతుంటుంది, ఎండిపోయిందనుకుని నీళ్లు పోసేస్తారు కొంతమంది, అది దాని తీరే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు దాని కాలం. మీ పార్కులో ఒక్కటైనా వేయించండి, కాస్త నీడ, కాస్త తడి ఉన్న మూల చూసి.

మాది కంటోన్మెంట్. రోజూ వాకింగ్‌కి వెళ్తాను. తెల్లారకుండానే కొంతమంది కవర్లు, కొక్కెం కర్రలు పట్టుకొచ్చి పార్కులో గన్నేరు, మందార, నందివర్ధనం ఒక్కటి మిగల్చకుండా దులిపేస్తన్నారు. అడిగితే "దేవుడికండీ" అంటారు. దేవుడి పేరు చెప్పాక మనం ఏటి మాటాడతాం? చూసే పువ్వు లేకపోతే ఇక పార్కెందుకు మాస్టారూ?
– రిటైర్డ్ ఉద్యోగి, విజయనగరం

మీ బాధే నా బాధ అండీ. ఈ ఒక్క విషయం మీద వచ్చినన్ని ఉత్తరాలు ఇంక దేని మీదా రాలేదు, సిక్కోలు నుంచి కూడా. కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

పువ్వు అనేది చెట్టుకి అలంకారం కాదు, దాని సంతానం. తెల్లారకుండా మొగ్గలతో సహా కోసేస్తే తేనెటీగకి పొద్దున ఆకలి తీరదు, కాయ కట్టదు, గింజ ఉండదు. తేనెపిట్ట ఉంటుంది కదా, బొటనవేలంత, నీలంగా మెరుస్తూ, అది వచ్చే టైముకి మందారలో తేనె లేకపోతే ఇక ఆ పార్కు వైపు రాదు. పార్కుకి పిట్టలు రావట్లేదని మళ్లీ మనమే అనుకుంటాం.

ఇక దేవుడి మాట. మన పెద్దవాళ్లు పూజకి పువ్వు ఎక్కడినుంచి తేవాలంటే తన పెరట్లోది ఉత్తమం అన్నారు. అందరి సొమ్ముతో, మున్సిపాలిటీ నీళ్లతో పెరిగిన చెట్టుని దులుపుకెళ్లి పెడితే ఆ పుణ్యం ఎవరి ఖాతాలోకి వెళ్తుందో ఆలోచించాలి. పైడితల్లమ్మ ఊళ్లో ఉండే మనకి భక్తి గురించి ఒకరు చెప్పక్కర్లేదు, అమ్మవారికి కావాల్సింది కవరు నిండా పువ్వులు కాదు. రాలినవి ఏరుకోవడంలో తప్పేమీ లేదు, పారిజాతం అయితే రాలిందే పూజకి పనికొస్తుందని మన ఆచారమే చెప్తోంది. దేవగన్నేరు పొద్దున్నే చెట్టు కింద బోలెడు రాలి ఉంటుంది, చెక్కుచెదరకుండా. అవి ఏరుకోమనండి.

మనిషిని పట్టుకుని పదిమందిలో నిలదీస్తే పంతానికి పోతారు. పెద్దావిడైతే "పిన్నీ, మా మనవరాలు సాయంత్రం చూడ్డానికొస్తాది, ఈ వైపు కొమ్మ వదిలెయ్యండి" అని మెల్లిగా అనండి, చాలామంది వింటారు. మీ వాకింగ్ బ్యాచ్ అంతా కలిసి ఒక మూల నాలుగు నందివర్ధనాలు, రెండు మందారలు "పూజకి" అని విడిగా వేసి, మిగతావి ముట్టుకోవద్దని బోర్డు పెట్టించండి. నందివర్ధనం కొమ్మ నాటితే బతికే మొక్క, ఖర్చు కూడా ఏమీ ఉండదు. కొక్కెం కర్ర మాత్రం గేటు దగ్గరే ఆపించాలి, ఈ విషయంలో మొహమాటం వద్దు, కొమ్మ విరిగితే ఆ ఏడాదే కాదు వచ్చే ఏడాది పూత కూడా పోతుంది.

ఉగాది పచ్చడికి వేపపువ్వు ఒకో ఏడాది గంపెడు దొరుకుతాది, ఒకో ఏడాది ఊరంతా తిరిగినా గుప్పెడు దొరకదు. చెట్లకి ఏమైనా తెగులా అండీ?
– గుజరాతీపేట, శ్రీకాకుళం

తెగులు కొంత ఉంది, 2021 ప్రాంతంలో మన రెండు రాష్ట్రాల్లోనూ వేప చిగుర్లు కాలిపోయినట్టు మాడిపోవడం అందరం చూశాం, తర్వాత చాలా చెట్లు కోలుకున్నాయి. మీరడిగినదానికి అసలు కారణం మాత్రం పంచాంగంలో ఉంది. ఉగాది చాంద్రమానం పండుగ. చంద్రుడి లెక్కలో ఏడాదికి దాదాపు 354 రోజులే, కాబట్టి ఏటా 11 రోజులు ముందుకి జరుగుతుంది, మధ్యలో అధికమాసం వచ్చినప్పుడు మళ్లీ వెనక్కి వెళ్తుంది. 2024లో ఉగాది ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19, 2027లో మళ్లీ ఏప్రిల్ 7. వేప చెట్టు తిథి చూడదు, ఎండ చూసుకుని పూస్తుంది, మార్చి రెండో సగం నుంచి ఏప్రిల్ దాకా. పండుగ ముందొస్తే మొగ్గ, ఏప్రిల్లో వస్తే నిండు పూత.

అందుకని ఏప్రిల్లో పార్కులో వేప విరగబూసినప్పుడు పొద్దున్నే కింద పాత చీర పరిచి రాలినవి పట్టుకోండి, రెమ్మలు విరవక్కర్లేదు. నీడలో ఆరబెట్టి డబ్బాలో పోస్తే మరుసటి ఉగాదికీ వస్తుంది, మధ్యలో వేపపువ్వు చారుకీ వస్తుంది. ఒకసారి ఆ పువ్వుని అరచేతిలో వేసుకుని చూడండి, అయిదు తెల్లటి రేకులు, మధ్యలో లేత పసుపు గొట్టం, గోరంత కూడా ఉండదు, చెట్టు నిండా లక్షలు. సాయంత్రం గాలి తిరిగాక ఆ చెట్టు కింద నుంచుంటే తేనె వాసన. చేదు చెట్టు నుంచి అంత తియ్యటి వాసన వస్తుందంటే చెప్పినా నమ్మరు, వెళ్లి నిలబడాల్సిందే. మన రాష్ట్ర వృక్షం కూడా వేపే, 2018లో ప్రకటించారు.

పూల సీజన్ వచ్చిందంటే పార్కుకెళ్లగానే నాకు ఒకటే తుమ్ములు, కళ్లు మంట. పెద్ద చెట్టుకి పింకు కుచ్చుల్లాగ పూస్తాయే, ఆ పూల వల్లే అని మా ఆయన అంటారు. పార్కు మానెయ్యమంటారా?
– తోటపాలెం, విజయనగరం

మానొద్దమ్మా. ఆ పింకు కుచ్చులది నిద్రగన్నేరు, పాపం దాని మీద నేరం మోపకండి. రంగు, వాసన, తేనె ఉన్న పువ్వుల పుప్పొడి సాధారణంగా జిగటగా బరువుగా ఉంటుంది, తేనెటీగలూ పిట్టలూ మోసుకెళ్లాలి కదా అందుకు. గాల్లో తేలి ముక్కులోకి వచ్చేది ఎక్కువగా రంగూ రుచీ లేని పూలది, గడ్డిపూలు, సర్కారు తుమ్మ, ఇంకా ముఖ్యంగా వయ్యారిభామ. పార్కు ప్రహరీ పక్కన, ఖాళీ సైటుల్లో క్యారెట్ ఆకులాంటి ఆకు, తెల్లటి చిన్న పూలు ఉన్న మొక్క చూడండి, అదే. ముట్టుకుంటే దురద, పీలిస్తే తుమ్ములు, కొంతమందికి ఆయాసం కూడా. ఈమధ్య కాలనీల్లో వరసగా వేస్తున్న కోనోకార్పస్ మీద కూడా ఈ ఫిర్యాదే, 2023లో గుజరాత్ ప్రభుత్వం దాన్ని నాటడం ఆపేసింది.

వయ్యారిభామ పూతకి రాకముందే వేళ్లతో పీకించండి, పీకేవాళ్లకి గ్లౌజులు ఇప్పించండి. మీరు మాస్కు పెట్టుకుని వెళ్లి, ఇంటికి రాగానే మొహం కడుక్కుని బట్టలు మార్చుకోండి. పిల్లికూతలు, ఆయాసం ఉంటే మాత్రం నా జవాబు మీద ఆగిపోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

మా పిల్లలకి ఆరేళ్లు, తొమ్మిదేళ్లు. పార్కుకి తీసుకెళ్తే జారుడుబల్ల, తర్వాత ఫోన్ ఇమ్మంటారు. పూలు చూడండిరా అంటే "చూసేశాం మమ్మీ" అంటారు. ఏం చేస్తే వాళ్లకి ఇంట్రెస్ట్ వస్తుందండి?
– ఉద్యోగిని, పీఎన్ కాలనీ, శ్రీకాకుళం

చూడమంటే పిల్లలు చూడరమ్మా, చేతికి ఏదైనా దొరకాలి. పొగడ చెట్టు ఎక్కడుందో కనుక్కుని పొద్దున్నే తీసుకెళ్లండి. ఆ పువ్వు రాలేటప్పుడు మధ్యలో కన్నంతో రాలుతుంది, సూది అక్కర్లేదు, గట్టి దారం ఒకటి ఇస్తే చాలు, కూచుని దండ గుచ్చేస్తారు. గోధుమరంగు చుట్టూ సన్నటి పళ్లున్న చిన్న చక్రం అనుకోండి, ఎండిపోయినా వాసన పోదు, స్కూలు బ్యాగులో వేసుకుంటే పుస్తకాలన్నీ అదే వాసన.

వేసవి సెలవులకి ఎర్ర తురాయి పూస్తుంది. పెద్ద మొగ్గని విప్పితే లోపల పది కేసరాలు, చివర గింజంత తలకాయ. ఒకరిది ఒకరు మెలేసి లాగితే ఎవరి తల తెగితే వాళ్లు ఓడినట్టు. అదే కోడిపందెం, మీరూ ఆడే ఉంటారు, ఇప్పటి పిల్లలకి ఎవరూ నేర్పట్లేదు అంతే. అయిదు రేకుల్లో నాలుగు ఎరుపు, ఒక్కటి మాత్రం తెలుపు పసుపు మీద ఎర్ర చారలు, అది ఎందుకలా ఉందో కనిపెట్టమనండి. తేనె ఎక్కడుందో పురుగుకి దారి చూపించే రేకు అది. తొమ్మిదేళ్లవాడికి ఇది చెప్తే మరుసటి రోజు వాడే క్లాసంతటికీ చెప్తాడు.

సాయంత్రం అయిదున్నరకి నిద్రగన్నేరు కిందకి తీసుకెళ్లి ఆకులు గమనించమనండి, చీకటి పడేసరికి జంటలు జంటలుగా ముడుచుకుంటాయి.

ఒక్క ఆదివారం మాత్రం ఊరు దాటండి. మార్చి మొదటివారాల్లో పాలకొండ మీదుగా సీతంపేట వైపు వెళ్తుంటే కొండ వాలుల్లో బూరుగ, మోదుగ ఆకు లేకుండా పూసి ఉంటాయి. అప్పుడే ఎందుకు ఆకు రాల్చి పూస్తాయంటే, ఆకు అడ్డం లేకపోతే పువ్వు దూరం నుంచి పిట్టకి కనిపిస్తుంది, పైగా ఇప్పుడు పూస్తేనే గింజ తొలకరికి నేలలో ఉంటుంది. బూరుగ పువ్వు పిల్లల అరచేయంత, రేకు మందంగా కండపట్టి ఉంటుంది, రాలితే ధబ్ మని చప్పుడు. మైనాలు, కాకులు, ఉడతలు అన్నీ ఆ చెట్టు మీదే పొద్దున పూట. మోదుగ పువ్వైతే మొదట్లో నల్లటి మఖమలు తొడిమె, అందులోంచి వంకీ తిరిగిన నారింజ రంగు ముక్కు. ఇక పిల్లలు ఫోన్ అడిగితే అది ఫొటోకే.

మా మేడ మీద కుండీలో కాగితాల పువ్వు మొక్క ఏపుగా పెరిగింది, ఆకులే తప్ప పువ్వు లేదు. పార్కులో గోడ మీద అదే మొక్క ఎవరూ పట్టించుకోకపోయినా విరగబూస్తాది. ఏటి రహస్యం?
– బలగ, శ్రీకాకుళం

పట్టించుకోకపోవడమే రహస్యం అండీ. మీరు రోజూ నీళ్లు పోస్తున్నారు, పేడ ఎరువు వేస్తున్నారు, దానికి పూయాల్సిన అవసరం లేకుండా పోయింది. మట్టి పైన రెండంగుళాలు ఎండేదాకా నీళ్లు ఆపండి, రోజంతా ఎండ తగిలే చోట పెట్టండి, కొసలు కత్తిరించండి. కొన్ని వారాల్లో తేడా తెలుస్తుంది. రంగుగా కనిపించేది నిజానికి పువ్వు కాదు, రంగు మారిన ఆకే, మధ్యలో తెల్లగా అగ్గిపుల్ల తలంత ఉండేదే అసలు పువ్వు.

మా కాలనీకి పార్కు స్థలం ఇచ్చారు. అసోసియేషన్ మీటింగ్‌లో కొందరు ఎర్ర తురాయి అంటారు, కొందరు కోనోకార్పస్, పామ్ చెట్లు అంటారు, టైల్స్ వేసేస్తే చెత్త ఉండదు అని ఇంకొందరు. వసంతంలో చూడ్డానికి బావుండాలి, తుపానుకి పడకూడదు. ఏవి వెయ్యాలి?
– కాలనీ సంఘం సభ్యులు, రింగ్‌రోడ్డు, విజయనగరం

తుపాను మాట మీరే ఎత్తారు, చాలా సంతోషం, చెట్టు పెట్టేటప్పుడు మన జిల్లాల్లో మొదట అడగాల్సిన ప్రశ్న అదే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ, ఈ రెండూ చూసినవాళ్లం మనం. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలమట్టం అయ్యాయో ఇప్పటికీ తల్చుకుంటే గుండె చెరువవుతుంది. ఎర్ర తురాయి, దాని తమ్ముడు పచ్చ తురాయి చూడ్డానికి ఎంత అందమో అంత పెళుసు, వేళ్లు పైపైనే పాకుతాయి, కొమ్మ బరువు ఎక్కువ. తురాయి పుట్టిల్లు మడగాస్కర్, మనకి బాగా అలవాటైపోయింది, వద్దనను, కానీ ఇళ్లకీ కరెంటు తీగలకీ దూరంగా ఒక మూల ఒకటి చాలు.

మిగతా చోటంతా మన చెట్లకి ఇవ్వండి. రేల ముఖ్యం, పెద్దగా ఎత్తు పెరగదు, ఏప్రిల్, మేలో పసుపు. కానుగ, మార్చి ఆఖర్లో ఆకు రాల్చి వారంలోనే లేత ఆకుపచ్చ చిగురు వేసి, తర్వాత లేత ఊదా తెలుపు పూలు, కింద నడిచే దారంతా పరిచేస్తుంది, నీడ కూడా చిక్కన. పొగడ నెమ్మదిగా పెరుగుతుంది, ఓపిక పట్టండి, మీ మనవల దాకా ఉంటుంది. నీళ్ల పంపు దగ్గర సీతాశోకం. గేటుకి అటో ఇటో సంపెంగ. కోనోకార్పస్ గురించి పైన చెప్పాను, తోటపాలెం చెల్లెమ్మ తుమ్ములు చదవండి, మళ్లీ మీటింగ్‌లో ఆ పేరు ఎత్తరు. నాగలింగం ఎవరైనా సూచిస్తే వెయ్యొచ్చు, మొదలు నుంచి తాళ్లలా వచ్చే ఆ పువ్వు అందం, వాసన చెప్పనలవి కాదు, కానీ కాయ కొబ్బరికాయంత బరువుంటుంది, దాని కింద బెంచీ వెయ్యకండి.

టైల్స్ విషయం మాత్రం గట్టిగా చెప్తున్నాను. మొదలు దాకా సిమెంటు పోసేస్తే వాన నీరు లోపలికి దిగదు, వేరుకి గాలాడదు, అలాంటి చెట్టే తుపానుకి ముందు పడుతుంది. నడిచే దారి వరకు టైల్స్ వేసుకోండి, ప్రతి చెట్టు చుట్టూ కనీసం నాలుగడుగులు మట్టి వదలండి. రాలిన పువ్వుని చెత్త అనకండి దయచేసి. చెట్టు కింద పసుపు పరుచుకుని ఉంటే పొద్దున్నే చీపురు పట్టి ఊడ్చేయించే సంఘాలని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, కనీసం తొమ్మిది దాకా ఉంచమనండి, తర్వాత ఊడ్చి ఆ చెట్టు మొదట్లోనే వేస్తే ఎరువు. మొక్కలు జూన్, జూలైలో తొలకరి పడ్డాక నాటండి, అక్టోబర్ తుపానుల సీజన్‌కి కర్ర కట్టి సిద్ధంగా ఉంచండి.

మొబైల్‌తో పూల ఫొటో తీస్తే రంగు వెలిసిపోయినట్టు వస్తోంది, చెట్టు నల్లగా వస్తోంది. చిట్కా చెప్పరూ?
– ఏడు రోడ్ల జంక్షన్, శ్రీకాకుళం

మిట్టమధ్యాహ్నం తీయకండి. మార్చిలో ఆరుకల్లా తెల్లారిపోతుంది మనకి, ఏడున్నర లోపు తీసేయండి. సూర్యుడు మీ వీపు వైపు ఉండాలి, స్క్రీన్ మీద పువ్వు దగ్గర వేలు నొక్కి పట్టి వెలుతురు కొంచెం తగ్గించండి. చెట్టంతా ఒకే ఫొటోలో ఇరికించకుండా ఒక కొమ్మ తీసుకోండి. ఫ్లాష్ వద్దు.

మా నాన్నగారికి ఎనభై దాటాయి, చూపు బాగా తగ్గిపోయింది, చక్రాల కుర్చీలోనే. ఒకప్పుడు పెద్ద చెరువు గట్టు మీద రోజూ నడిచిన మనిషి. పూలు పూశాయని పార్కుకి తీసుకెళ్దామంటే "నాకు ఏటి కనిపిస్తాదిరా" అంటున్నారు. తీసుకెళ్లడం వల్ల ఉపయోగం ఉందంటారా?
– దాసన్నపేట, విజయనగరం

తప్పకుండా తీసుకెళ్లండి నాయనా. ఆయన కళ్లకి కాదు, ముక్కుకి చూపించండి. పొద్దున పొగడ, సంపెంగ, సాయంత్రం ఆరు దాటాక వేప. పొగడ పూలు ఓ గుప్పెడు ఏరి ఆయన చేతిలో పెట్టి ఇదేంటో చెప్పండి నాన్నా అని మీరు అడగండి, పేరు ఆయనే చెప్తారు, దానితో పాటు ఏ వీధిలో ఎవరింటి ముందు ఆ చెట్టు ఉండేదో కూడా చెప్తారు. కానుగ పూసినప్పుడు కింద కూచోబెడితే తేనెటీగల రొద పైనుంచి వినిపిస్తుంది, పిట్టల గోల సరేసరి.

ఏప్రిల్ నుంచి పొద్దున ఎనిమిది దాటితే ఎండ పెద్దవాళ్లకి మంచిది కాదు, ఆరుకి వెళ్లి ఏడున్నరకి వచ్చేయండి, మజ్జిగో నీళ్లో దగ్గర ఉంచుకోండి, తలకి టవలు కప్పండి. ముందు రోజు మీరొక్కరే వెళ్లి గేటు దగ్గర కుర్చీ దిగుతుందో లేదో, ఏ చెట్టు కింద చదునుగా ఉందో చూసి రండి. చాలా పార్కుల్లో గేటు దగ్గర ఆ అడ్డ పైపులు, మెట్లు ఉండి కుర్చీ పట్టదు. అలా ఉంటే ఊరుకోవద్దు, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, ర్యాంపు కావాలని రాసివ్వండి, మీ వీధిలో ఇంకెంతమంది పెద్దవాళ్లున్నారో కనుక్కుని వాళ్ల సంతకాలు కూడా పెట్టించండి.